తప్పుల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నానుండి వారు భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో ప్రసంగము కోరియుందురు. నేను వేరొక విషయమును ఎన్నుకొంటిని. క్వాంటం గణనయంత్రములను నిర్మించు శాస్త్రజ్ఞులు తమ పరిశోధనశాలలో ప్రతిదినమును చేయు పని ఎట్టిది? ఇదియే నా విషయము.

లెక్కలు వ్రాయుట మా యింటి వృత్తి. కరణీకము 1984లో రద్దయి మా తండ్రిగారితో ముగిసినది. ఊరివారి నోట ఆ పేరు మాత్రము నన్ను వదలలేదు. ఇప్పుడు సహకార పరపతి సంఘములో పద్దులు వ్రాసికొను నాకు ఈ విషయముతో ఏమి పని యని మీరడుగవచ్చును. కారణములు రెండు కలవు.

మొదటిది: 2025 మే నెలలో అమరావతిలో క్వాంటం వ్యాలీ నెలకొల్పుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో ఒడంబడిక చేసికొన్నట్లును, అందు 156 క్యూబిట్టుల యంత్రమును ప్రతిష్ఠింపనున్నట్లును ప్రకటన వెలువడెను. అది మొదలు ఈ మాట మన రచ్చబండ మీదికిని వచ్చినది. మాటతోపాటు ఆశలును, భయములును, కొన్ని మోసములును వచ్చినవి. రెండవది: మన యూరి రైతు ఒకరు నాయొద్దకు వచ్చి, "కరణంగారూ, మా అమ్మాయి ఎమ్మెస్సీ ముగించినది. క్వాంటం పరిశోధన చేయుదునని పట్టుపట్టుచున్నది. అది ఉద్యోగమా, తపస్సా? మీరు చదువుకొన్నవారు, చెప్పుడు" అని అడిగిరి. ఆ ప్రశ్న ఒక్క తండ్రిది కాదు. అందుచేత నేను చదివి తెలిసికొన్నంత ఈ సభలోనే మనవి చేయుచున్నాను.

ముందు ఆ యంత్రము మాట. మన సంఘములోని కంప్యూటరు ఎంతటి లెక్కనైనను సున్న, ఒకటి యను రెండు గుర్తులతోనే చేయును. దీపము వెలిగినచో ఒకటి, ఆరినచో సున్న. ఆ గుర్తునకు బిట్టు అని పేరు. క్వాంటం యంత్రములోని గుర్తును క్యూబిట్టు అందురు. చూచినప్పుడు అదియును సున్నగానో ఒకటిగానో మాత్రమే కనబడును. కాని చూడకమునుపు దాని స్థితిని తెలుపుటకు రెండంకెలు కావలయును. ఒకటి సున్న పక్షమునకు, మరియొకటి ఒకటి పక్షమునకు చెందినది. ఈ అంకెలలో ధనమును ఉండును, ఋణమును ఉండును. కిటుకంతయు ఇక్కడనే ఉన్నది.

రేపు వాన పడుటకు పదింట మూడు పాళ్ళు అవకాశము కలదని మనమందుము. అట్టి లెక్కలో అన్నియు జమలే. ఒక అవకాశము మరియొక అవకాశమును కొట్టివేయజాలదు. క్వాంటం పద్దులోనో, జమయు ఖర్చును రెండును కలవు. ఒకే ఫలితమునకు రెండు త్రోవల వచ్చిన అంకెలు ఒకదానినొకటి రద్దుపరచవచ్చును, లేదా ఒకదానినొకటి పెంచవచ్చును. చెరువులో రెండు రాళ్ళు విసరినప్పుడు అలల వలయములు కలిసినచోట కొన్ని తావుల నీరు ఎగయుటయు, కొన్ని తావుల నిలిచిపోవుటయు మీరు చూచియున్నారు. తప్పు జవాబులకు చెందిన అంకెలు రద్దగునట్లును, ఒప్పు జవాబునకు చెందిన అంకె పెరుగునట్లును లెక్కను కూర్చుటయే క్వాంటం గణనము. ఆ యంత్రము అన్ని జవాబులను ఒకేసారి ప్రయత్నించి ఒప్పుదానిని తీసియిచ్చునని పత్రికలలో వ్రాయుదురు. అది సరికాదు. రద్దుచేయు నేర్పు లేనిచో, ఏదో యొక జవాబు చేతికి వచ్చును. అప్పుడు ఆ యంత్రమునకును పాచికలకును భేదము లేదు.

అయినచో దాని గొప్ప ఏమి? ఒక క్యూబిట్టునకు రెండంకెలు. రెండింటికి నాలుగు. పదింటికి 1,024. ఏబదిమూడింటికి సుమారు 90 కోట్ల కోట్లు. అణువుల నడతను లెక్కించుటకు ప్రకృతి ఇట్టి పద్దునే వాడుచున్నది. మన కంప్యూటరులు దానిని అనుకరింపబోయి చతికిలబడుచున్నవి. కావున ప్రకృతి నియమములతోనే నడచు గణనయంత్రము ఏల ఉండరాదని 1981లో అమెరికా దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ ఒక సభలో ప్రశ్నించెను. 1985లో ఇంగ్లండులో డేవిడ్ డాయిష్ అట్టి యంత్రమునకు సిద్ధాంతము కల్పించెను. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకములుగా విడదీయు పద్ధతిని కనిపెట్టెను. 1996లో మన దేశమున జన్మించిన లవ్ గ్రోవర్, క్రమము లేని జాబితాలో పేరు వెదకు పద్ధతిని చెప్పెను. అక్షరక్రమము లేని 10 లక్షల పేర్లలో ఒక్క పేరును పట్టుకొనుటకు సగటున 5 లక్షల పేర్లను చూడవలసియుండగా, గ్రోవర్ పద్ధతిలో వేయిలోపు అడుగులు చాలును. పాత అడంగళ్ళలో పేర్లు వెదకిన నాకు ఆ మాట విలువ తెలియును.

ఇవి యన్నియు కాగితము మీది మాటలు. కాగితమునుండి యంత్రమునకు పోవు త్రోవలోనే నేను చెప్పదలచిన పరిశోధకుల బ్రతుకు గడచుచున్నది.

క్యూబిట్టును చేయుటకు పెక్కు మార్గములు కలవు. విద్యుదావేశముగల పరమాణువులను పట్టి నిలుపువారు, కాంతికణములతో పనిచేయువారు, ఇట్లు పలువురు. ఎక్కువగా వినబడు మార్గము అతివాహక వలయములది. సిలికాను పలక మీద అల్యూమినియము పూతతో ఒక చిన్న వలయమును గీయుదురు. అందు రెండు లోహపు పొరల నడుమ ఆ లోహపు భస్మపు పొర ఒకటి ఉండును. తలవెండ్రుక మందమును పదివేల పాళ్ళు చేసినచో, అందు ఒక పాలు కంటెను ఆ పొర పలుచన. అట్టి సంధిలో విద్యుత్తు ఎట్లు ప్రవర్తించునో 1962లో బ్రయన్ జోసెఫ్‌సన్ అను ఇరువదిరెండేండ్ల విద్యార్థి కేంబ్రిడ్జిలో లెక్కగట్టెను. 1973లో నోబెల్ బహుమానము పొందెను. 1984, 85 సంవత్సరములలో బర్క్‌లీ నగరమున జాన్ క్లార్క్, ఆయన శాలలో పనిచేయుచున్న మిషెల్ డెవొరే, విద్యార్థి జాన్ మార్టినిస్ అను మువ్వురు, కంటికి కనబడునంతటి వలయము సైతము పరమాణువు వలె క్వాంటం నియమములకు లోబడునని ప్రయోగముచే నిరూపించిరి. దానికి నోబెల్ బహుమానము 2025లో వచ్చినది. నాటిన చెట్టు ఫలించుటకు నలువది సంవత్సరములు పట్టినది.

ఈ వలయము మామూలు వేడిమిలో పనిచేయదు. దానిని శీతలయంత్రములో నుంచి, రెండు విధములైన హీలియమును కలిపి, ఉష్ణము పొలిమేర కడకు దింపుదురు. ఇంతకంటె చల్లన సాధ్యము కాదను హద్దు సున్నకు దిగువ 273 డిగ్రీల చిల్లర యని మీ పిల్లలు పాఠములలో చదివియుందురు. ఆ హద్దునకు ఒక డిగ్రీలో నూరవవంతు దూరము వరకు పోవలయును. నక్షత్రముల నడుమనున్న శూన్యాకాశమునైనను అంత చలి లేదు. అక్కడకు దిగుటకే రోజులు పట్టును. దిగిన పిదప తీగె ఒక్కటి వదులైనట్లు తెలిసెనా, మరల రోజులపాటు వేడెక్కించి, తెరచి, బిగించి, మరల దింపవలయును. అంతకుముందు పలకను తయారుచేయుటకు దుమ్ములేని గదిలో తలనుండి కాలివరకు ముసుగు వేసికొని వారములు పనిచేసియుందురు.

అంత జేసినను క్యూబిట్టు ఆయువు ఎంత? 1999లో జపాను దేశమున నాకమురా మున్నగువారు మొదటి అతివాహక క్యూబిట్టును ఆడించినప్పుడు అది తన స్థితిని కొన్ని నానోసెకనులు మాత్రమే నిలుపుకొనెను. నానోసెకను అనగా సెకనులో నూరుకోట్ల వంతు. నేడు మంచి క్యూబిట్టులు నూరు మైక్రోసెకనులును, అంతకు మించియు నిలుచుచున్నవి. మైక్రోసెకను సెకనులో పదిలక్షల వంతు. కన్ను మూసి తెరచునంతలో అట్టి జీవితములు వేయి గడచును. అయినను పాతికేండ్లలో ఆయువు పదివేల రెట్లకు పైగా పెరిగినది. ఈ పెరుగుదల ఒక మహానుభావుని ఒకనాటి స్ఫురణచే వచ్చినది కాదు. లోహమును మార్చి చూచినవారు, పలకను కడుగు ద్రావకమును మార్చి చూచినవారు, తీగెలను మార్చి చూచినవారు వందలమంది తలకొక చేయి వేసి సాధించినది.

ఇక పరిశోధకుని దినచర్య వినుడు. ఉదయమున శాలకు రాగానే మొదటి పని, నిన్నటి క్యూబిట్టులు నేడు అట్లే ఉన్నవా యని చూచుట. ఒక్కొక్క క్యూబిట్టును కదలించుటకు ఒక్కొక్క శ్రుతి కలదు. తంబుర తీగె రాత్రికి రాత్రి దిగినట్లు ఆ శ్రుతి తప్పుచుండును. మరల సరిచేయవలయును. పిమ్మట ఆయువును కొలుచును. క్యూబిట్టును ఒకటిలో నుంచి, కొంచెము సేపు తాళి చూచును. ఒకసారి చూచినచో సున్నయో ఒకటియో కనబడును. దానివలన తెలియునది ఏమియు లేదు. కావున అదే పనిని వేలసార్లు చేసి, ఎన్నిసార్లు సున్న, ఎన్నిసార్లు ఒకటి యని పద్దు వ్రాయును. ఆ వేల చూపులు కలిసి కాగితము మీద ఒక్క చుక్క యగును. అట్టి చుక్కలు కొన్ని కలిసి ఒక వక్రరేఖ. ఆ రేఖ అనుకొన్నట్లు రాలేదనుకొనుడు. ఏల రాలేదు? వెచ్చదనము లోపలికి దూరినదా? ప్రక్క క్యూబిట్టు అడ్డుపడినదా? భస్మపు పొరలో పరమాణువంత లోపము దాగియున్నదా? ఆకాశమునుండి వచ్చు విశ్వకిరణము పలకను తాకినదా? ఈ కడపటిది నేను కల్పించిన మాట కాదు. విశ్వకిరణము తాకినప్పుడు పలక మీది పెక్కు క్యూబిట్టులు ఒక్కసారిగా చెడుచున్నవని ప్రయోగములలో కనుగొనిరి. దానినుండి కాచుకొనుటకు ఇటలీలో గ్రాన్‌సాసో పర్వతము క్రింది శాలలోనికి దిగి పరీక్షించినవారును కలరు. ఒక చిన్న పలక మీది తప్పునకు కారణము వెదకుచు మనుష్యులు కొండల క్రిందికి పోయిరి!

కావున నేను చదివినంతలో నాకు తోచిన సారాంశ మిది: క్వాంటం శాస్త్రజ్ఞుని పనిలో అధికభాగము వింతలు చేయుట గాదు. తప్పును కనిపెట్టుట, తప్పును లెక్కించుట, తప్పును తగ్గించుట, ఇదియే ఆ వృత్తి.

తప్పును దిద్దుటలో వారికొక ధర్మసంకటము కలదు. మనకు పద్దులో అనుమానము వచ్చినచో పుస్తకము తెరచి చూతుము. వారు తెరచి చూడరాదు. చూచినంతనే క్యూబిట్టులోని రెండంకెల స్థితి చెడి, వట్టి సున్నయో ఒకటియో మిగులును. ఒక ప్రతి తీసి దాచుకొందమన్నను వీలులేదు. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయుట అసాధ్యమని 1982లోనే తేలినది. చూడరాదు, నకలు తీయరాదు, తప్పు మాత్రము దిద్దవలయును! ఇది కుదరని పని యని పెద్ద పెద్దవారే తలచిరి. 1995లో ముందు చెప్పిన షోర్ గారే దారి చూపెను.

ఆ దారిని మన తక్కెడతో చెప్పెదను. మూతి కుట్టిన రెండు ధాన్యపు బస్తాలు కలవు. విప్పరాదు. తక్కెడలో చెరియొకప్రక్క నుంచినచో, ఒక్కొక్కటి ఎంత బరువో తెలియకున్నను, రెండును సమానమా కాదా యను సంగతి తెలియును. మూడవ బస్తాను తెచ్చి రెండవదానితో తూచినచో, తేడా ఎందున్నదో బయటపడును. లోపలి సరకును చూడకయే దొంగతనమును పట్టుకొంటిమి. క్వాంటం యంత్రములో ఒక్క క్యూబిట్టు విషయమును పెక్కు క్యూబిట్టులమీద పరచి, నడుమ తనిఖీ క్యూబిట్టులను నిలిపి, "మీరు సమానమా?" అని మాత్రమే అడుగుచుందురు. "మీరెంత?" అని అడుగరు.

కాని తనిఖీదారులును తప్పులు చేయువారే. తప్పుచేయు పదిమందిని చేర్చినచో తప్పులు పెరుగునా, తరుగునా? ఒక్కొక్కని తప్పు ఒక మట్టమునకు దిగువనున్నచో మొత్తము తప్పు తరుగుననియు, మట్టమునకు పైనున్నచో పెరుగుననియు సిద్ధాంతము. ఆ మట్టమునకు దిగువకు దిగుటకు ఎంతకాలము పట్టినది? 2024 డిసెంబరులో గూగుల్ సంస్థవారి పరిశోధకులు విల్లో యను 105 క్యూబిట్టుల పలకమీద దానిని స్పష్టముగా చూపిరి. మూడు వరుసల గళ్ళనుండి ఐదు వరుసలకు, ఐదింటినుండి ఏడింటికి పెంచినకొలది తప్పు ప్రతిసారియు సగమునకు తగ్గినది. ఏడు వరుసల ఏర్పాటులో విషయమును మోయునవి 49, తనిఖీ చేయునవి 48. తనిఖీ ఒక్కొక్క మైక్రోసెకనునకు ఇంచుమించు ఒకసారి జరుగును. అంత జేసియు ఒక్కొక్క తనిఖీ చుట్టునకు సుమారు 700లో 1 వంతు తప్పు మిగిలియున్నది. నిజమైన పెద్ద లెక్కలకు అది కోట్లలో ఒక వంతు కావలయును. 1995లో దారి కనబడెను. 29 సంవత్సరములకు మొదటి మజిలీ చేరిరి. ఊరు ఇంకను దూరము.

ఇట్టి పనిలో మేధస్సునకంటె ముందుండవలసినది నిజాయితీ. భారతములో బాహుకుని కథ మీకు తెలిసినదే. ఋతుపర్ణ మహారాజు రథము మీద పోవుచు తాండ్రచెట్టును చూచి, దాని ఆకులును కాయలును ఇన్ని యని చెప్పెను. బాహుకుడు "మహారాజా, తమ మాట చాలు" అనలేదు. స్వయంవరమునకు వేళ మించుచున్నను రథము నాపి లెక్కించి చూచెను. సరిపోయిన పిదపనే ఆ విద్యను కోరెను. ఋతుపర్ణుని విద్య గొప్పది. నాకు అంతకంటె బాహుకుని సంశయము ప్రియము.

2019లో గూగుల్ వారు సికమోర్ అను 53 క్యూబిట్టుల యంత్రము 200 సెకనులలో చేసిన లెక్కను మహాకంప్యూటరు చేయుటకు 10,000 సంవత్సరములు పట్టునని ప్రకటించిరి. పదివేలేండ్లు పట్టు జవాబును ఎవరు సరిచూడగలరు? వారు చిన్న లెక్కలను సరిచూచి, దానినిబట్టి పెద్దదానిని అంచనా వేసిరి. ఐబీఎం వారు వెంటనే, పదివేలేండ్లు కాదు, రెండున్నర దినములు చాలునని వాదించిరి. 2022లో చైనా దేశపు శాస్త్రజ్ఞులు 512 గణన పలకలను పూన్చి సుమారు 15 గంటలలో ఆ పని ముగించి చూపిరి. పదివేలేండ్లు పదునైదు గంటలైనవి. దీనిని విని నవ్వువారు కలరు. నేను నవ్వను. రథము దిగి కాయలు లెక్కించువారు అక్కడ కలరని నాకు ధైర్యము కలిగినది.

మరియొక ఉదాహరణము. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఈవిన్ టాంగ్ అను విద్యార్థికి గురువు స్కాట్ ఆరన్సన్ ఒక సమస్య నిచ్చెను. ఒక లెక్కలో క్వాంటం యంత్రమే మిక్కిలి మేలు, మామూలు కంప్యూటరు దాని దరికి రాలేదని నిరూపింపవలయును. ఆ విద్యార్థి ఎంత ప్రయత్నించినను నిరూపణ కుదరలేదు. కుదరకపోవుటకు కారణము వెదకగా, మామూలు కంప్యూటరుతోనే ఇంచుమించు అంత వేగముగా చేయు పద్ధతి బయటపడెను! తమ శాస్త్రమునకు ఎదురుగానున్న ఆ ఫలితమును ఆ రంగములోనివారే మెచ్చుకొనిరి.

తూకము చెడిన కథయు ఒకటి చెప్పవలయును. 2018లో "నేచర్" పత్రికలో ఒక క్రొత్తరకపు క్యూబిట్టునకు పునాది కాగల కణము జాడ దొరికినదని ఒక వ్యాసము వచ్చెను. తోటి శాస్త్రజ్ఞులు మూలలెక్కలను తెప్పించి చూడగా, అచ్చువేసిన రేఖలకును పూర్తి లెక్కలకును పొంతన కుదరలేదు. 2021లో రచయితలే ఆ వ్యాసమును ఉపసంహరించుకొనిరి. చిట్టా ఉన్నంతకాలము ఆవర్జాలోని తప్పు దాగదు. మూలకాగితమును భద్రపరచువాడే లోకమునకు మేలు చేయువాడని మా తండ్రిగారు చెప్పుచుండెడివారు. కరణీకమునకును క్వాంటం శాస్త్రమునకును ఆ నీతి ఒక్కటే.

ఇప్పుడు మీ భయముల మాట. ఈ యంత్రము వచ్చినచో బ్యాంకులోని సొమ్ము పోవునట కదా యని నన్నడిగినవారు కలరు. భయమునకు మూలము లేకపోలేదు. 127ను 131తో హెచ్చించుమన్నచో మన బడిపిల్లవాడు 16,637 అని చెప్పును. 16,637 ఏ రెండు సంఖ్యల లబ్ధమని అడిగినచో తలగోకికొనును. ఆరువందల అంకెల సంఖ్య విషయమున లోకములోని కంప్యూటరులన్నియు అట్లే తలగోకికొనును. 1977లో కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఏ యను రహస్యలిపికి అదియే తాళము. షోర్ పద్ధతి ఆ తాళమునకు మారుచెవి. కాని ఆ చెవిని త్రిప్పుటకు ఎంత యంత్రము కావలయును? 2019లో వేసిన ఒక అంచనా ప్రకారము 2 కోట్ల క్యూబిట్టులు, 8 గంటలు. 2025లో వేసిన అంచనా ప్రకారము 10 లక్షలలోపు క్యూబిట్టులు, వారములోపు కాలము. అట్టి యంత్రము ఇంకను నిర్మింపబడలేదు. అంచనా మాత్రము దిగుచున్నది. కావున 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణముల సంస్థ క్రొత్త తాళములకు మూడు ప్రమాణములను ప్రకటించెను. తాళములు మార్చుట బ్యాంకుల పని. మనము చేయవలసినది ఒక్కటే: "క్వాంటం వచ్చినది, మీ ఖాతా పోవును, ఫోనుకు వచ్చిన అంకె చెప్పుడు" అని ఎవడైన ఫోను చేసినచో పెట్టివేయుడు. వాడు క్వాంటం శాస్త్రజ్ఞుడు కాడు, దొంగ. అట్లే క్వాంటం బిళ్ళ మెడలో వేసికొన్నచో మోకాళ్ళనొప్పులు పోవునని అమ్మువానిని నమ్మకుడు. క్వాంటం స్థితిని నూరు మైక్రోసెకనులు నిలుపుటకు అంతటి చలి కావలసియుండగా, మన చెమట మెడలో అది ఏమి నిలుచును?

ఆ రైతు ప్రశ్నకు సమాధానము చెప్పెదను. అది తపస్సే, కాని జీతము గల తపస్సు. ఎమ్మెస్సీ పిమ్మట గేట్, జెస్ట్, నెట్ అను ప్రవేశపరీక్షలలో నెగ్గినచో పరిశోధన విద్యార్థిగా చేర్చుకొందురు. 2023లో సవరించిన రేటు ప్రకారము జూనియర్ పరిశోధకులకు నెలకు 37,000 రూపాయలు, సాధారణముగా రెండేండ్ల తరువాత 42,000 రూపాయలు వేతనము. డాక్టరు పట్టమునకు ఐదారేండ్లు పట్టును. ఆ పిమ్మట వేరొక శాలలో రెండు మూడేండ్లు పనిచేయుట వాడుక. అందరికిని శాశ్వత పదవులు దొరకునని చెప్పను. అది నిజము కాదు. కొందరు విద్యాలయములలో కుదురుకొందురు, కొందరు కంపెనీలకు పోవుదురు, కొందరు వేరు పనులకు మరలుదురు. నేర్చిన కొలత, ఓర్పు, లెక్క మాత్రము ఎక్కడికి పోయినను అక్కరకు వచ్చును. ఈ పనికి భౌతికశాస్త్రజ్ఞులే కాదు, ఎలక్ట్రానిక్సు తెలిసినవారు, లోహముల తత్త్వము తెలిసినవారు, శీతలయంత్రములు బాగుచేయువారు, గణితజ్ఞులు అందరును కావలయును.

దీనికి సముద్రములు దాటనక్కరలేదు. ముంబయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థలోను, బెంగుళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ, రామన్ పరిశోధన సంస్థలలోను, మద్రాసు ఐఐటీలోను ఈ రంగమున పని జరుగుచున్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారును, పూణేలోని రక్షణశాఖ శాలవారును కలిసి చేసిన 6 క్యూబిట్టుల యంత్రమునకు 2024లో ఆద్యంత పరీక్ష జరిగినది. ఆరు చిన్న సంఖ్యయే. కాని ఆ ఆరింటి తప్పులను లెక్కించినవారు మనవారు. 2023 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము 6,003 కోట్ల 65 లక్షల రూపాయలతో జాతీయ క్వాంటం మిషనును ఆమోదించినది. 2031 నాటికి 50 మొదలు 1,000 వరకు క్యూబిట్టుల యంత్రములను సాధించుట లక్ష్యములలో నొకటి. సొమ్ము మంజూరగుట సులభము. ఆ శీతలయంత్రము ప్రక్కన రాత్రి రెండుగంటలకు మేలుకొని పద్దు వ్రాయు మనుష్యులు దొరకుట కష్టము. అమరావతికి యంత్రము వచ్చుట వేరు. ఆ యంత్రము తప్పినప్పుడు ఏల తప్పెనో చెప్పగలవారు మన పల్లెలలో పుట్టుట వేరు. మొదటిది ఒప్పందముతో వచ్చును. రెండవది చదువుతో మాత్రమే వచ్చును.

కావున, తల్లిదండ్రులారా, "ఇరువదిమూడేండ్లు వచ్చినవి, ఇంకను చదువేమి" అని ఆడపిల్లను ఆపకుడు. నలువదేండ్లకు ఫలించు చెట్టును నాటు పనికి నాలుగేండ్ల తొందర తగదు. పరిశోధనలో చేరిన పిల్ల పండుగకు వచ్చినప్పుడు "ఏమి కనిపెట్టినావమ్మా?" అని అడిగి చిన్నపుచ్చకుడు. "ఈ యేడు ఏ తప్పు దొరికినది?" అని అడుగుడు. ఆమె ముఖము వికసించును.

కడపట గ్రంథాలయమువారికి ఒక మనవి. రజతోత్సవ నిధిలో కొంత మిగిలినదనియు, దానితో సింహద్వారము కట్టింపవలెనని కొందరు తలచుచున్నారనియు వింటిని. ద్వారము అందమే. కాని ఈ యింటికి వచ్చువారు ద్వారమును చూచి రారు. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చి శతాబ్దములు గడచినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను కూడ తెలుగున అచ్చువేయించిరి. మన బీరువాలలో నవలలు నిండుగ నున్నవి, భారతభాగవతములు కలవు. పదవతరగతి దాటిన పిల్లకు గణితమును, భౌతికశాస్త్రమును తెలుగులో విడమరచి చెప్పు పుస్తకములు మాత్రము ఒక్క అరకైన నిండలేదు. ఆ నిధితో ఒక శాస్త్రముల బీరువా కొనుడు. ఇంటర్నెట్టు గల కంప్యూటరు నొకదానిని ప్రక్కన నుంచుడు. 2016 మే నెలలో ఐబీఎం వారు 5 క్యూబిట్టుల యంత్రము నొకదానిని ఇంటర్నెట్టు ద్వారా ఎవరైనను వాడుకొనుటకు వీలు కల్పించిరి. అది మొదలు ఏ పల్లెలోని పిల్లయైనను దూరదేశపు క్వాంటం యంత్రమునకు లెక్క పంపి, వచ్చిన జవాబులో ఎన్ని తప్పులున్నవో చూచుకొను త్రోవ ఏర్పడినది. ఆ త్రోవలో మన పిల్లలు నడవవలయును.

ఈ నూతనశాస్త్రమునకు తెలుగు మాటలు ఇంకను చాలవు. అవి నాబోటి వృద్ధుల నిఘంటువులలో దొరకవు. ఆ పనిచేసిన పిల్లలే వచ్చి ఈ వేదిక మీద మనకు తెలుగులో చెప్పునాడు వాటంతట అవి పుట్టును. అట్టి ఉపన్యాసమును వినుటకు స్వర్ణోత్సవము వరకు ఆగనక్కరలేకుండుగాక యని కోరుచున్నాను.